మద్యం మానాలనుకునేవారు ఏ మీటింగుకు వెళ్లాలి? గాజువాక సోదరి ప్రశ్నకు జవాబు

నమస్కారం. విశాఖపట్నంలోని గాజువాక నుంచి ఒక సోదరి మన ఛానెల్‌కు ఒక ప్రశ్న పంపారు. ఆమె ఎంతగానో బతిమాలిన మీదట భర్త ఒకసారి ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే సంస్థ, మీటింగుకు వెళ్లి వచ్చి, "అక్కడున్నవాళ్లంతా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు, నేను రోజూ డ్యూటీకి వెళ్తున్నవాణ్ణి, నాకూ వాళ్లకూ పోలికేమిటి" అన్నారట. ఆయనకు సరిపోయే మీటింగును ఎలా వెతకాలని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. మీటింగు వైద్యానికి బదులు కాదు. తెల్లవారేసరికి చేతులు వణుకుతూ, ఒక గుక్క పడితే గాని కుదుటపడని స్థితిలో ఉన్న మనిషి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పిస్తే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత లేనివి కనిపించి వినిపించే ప్రమాదకరమైన స్థితి రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అటువంటివారిని ముందుగా చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్‌కో తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి. ఎవరో చెప్పారని మందు మాన్పించే మాత్రలను తెలియకుండా సాంబారులో కలిపి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఆ మాత్ర కడుపులో ఉండగా మద్యం తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఇక మీ వారి మాట. మొదటిసారి వెళ్లినవారిలో చాలామంది ఇదే లెక్క వేస్తారు: ఎదుటివాడు పోగొట్టుకున్నదీ తాను పోగొట్టుకున్నదీ పక్కపక్కన పెట్టి, తనది తక్కువగా కనబడగానే లేచి వచ్చేస్తారు. అయితే 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో మొదలైన ఈ సంస్థ సభ్యత్వానికి పెట్టిన షరతు ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఎంత నష్టపోయారన్నది అక్కడ అర్హత కాదు. పైగా ప్రతి గ్రూపూ తన వ్యవహారాలను తానే నడుపుకుంటుంది కనుక ఒక గ్రూపులో అందరూ పెద్దవయసువారు ఉండవచ్చు, మరొక గ్రూపులో ఉద్యోగస్థులే ఎక్కువగా కనబడవచ్చు. ఒక్క గదిని చూసి మొత్తం సంస్థను తూచడం తొందరపాటేనని నా అభిప్రాయం. కనీసం మూడు నాలుగు వేర్వేరు గ్రూపులలో కూర్చుని చూశాకనే తేల్చుకోమనండి.

ఎంచుకునేటప్పుడు అందరూ దూరం చూస్తారు. నేనైతే ముందుగా వేళ చూడమంటాను. స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకు ఇల్లు చేరే మనిషికి సాయంత్రం ఏడు గంటల మీటింగు ఎంత మంచిదైనా ఆ వారమంతా అందదు. జనరల్ డ్యూటీ చేసేవారికి మాత్రం అదే వేళ వరం, ఎందుకంటే కాళ్లు వైన్ షాపు వైపు లాగేది సరిగ్గా ఆ గంటలోనే. సొంత పేటలో ఎవరైనా చూస్తారేమోనని జంకేవారు గాజువాక వదిలి మద్దిలపాలెం దాకా వెళ్లినా తప్పులేదు గాని, వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కే ఓపిక ఉందా అన్నది ముందే ఆలోచించుకోవాలి. భాష కూడా ముఖ్యమే. నేవీ, పోర్టు, పరిశ్రమల వల్ల మన ఊళ్లో హిందీ, ఒడియా మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. తన కడుపులోని బాధను తెలుగులో తప్ప చెప్పుకోలేని మనిషి తెలుగు నడిచే మీటింగునే ఫోనులో అడిగి తెలుసుకుని వెళ్లాలి.

మీటింగు చర్చి ఆవరణలో జరుగుతోందని తెలిసి, ఇదేదో మతం మార్చే వ్యవహారమని వెనుకాడేవారూ ఉన్నారు. ఆ సంస్థకు ఏ మతంతోనూ సంబంధం లేదు. గది దొరికిన చోట కూర్చుంటారు, అంతే. కాకపోతే అక్కడి మాటల్లో దైవం ప్రస్తావన వస్తుంది. అది గిట్టనివారికి, ఆ ప్రస్తావన లేకుండా నడిచే స్మార్ట్ రికవరీ వంటి వేరే పద్ధతి కూడా ఉంది.

మంచి గ్రూపును లోపల కూర్చుంటే గుర్తుపట్టవచ్చు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డుతగలరు, "నువ్వు ఇలా చేయాల్సింది" అని తీర్పు చెప్పరు, మీటింగు అయ్యాక టీ గ్లాసు అందించి కొత్తగా వచ్చినవారికి ఫోన్ నంబరు ఇస్తారు. చందా సంచీ తిరుగుతుంది, కాని వేయకపోతే ఎవరూ అడగరు; సభ్యత్వ రుసుము లేదు. డబ్బు కట్టమని పట్టుబట్టినా, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమన్నా, అక్కడ విన్న సంగతి బయట పాకినా మరో గ్రూపు చూసుకోవాలి.

మీరు కూడా వెళ్లవచ్చా అని చివర్లో అడిగారు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా వెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. కుటుంబ సభ్యుల కోసం 1951 నుంచి అల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది. మీ వారు వెళ్లినా వెళ్లకపోయినా మీరు అందులో చేరవచ్చు, ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.