స్టూడియో దొరకని స్టూడియో ఆల్బమ్

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

గిటార్ కొత్తగా కొనుక్కున్న ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే వాయించి ఇరుగుపొరుగుని విసిగించే ముక్క ఒకటుంది, 'స్మోక్ ఆన్ ద వాటర్' మొదట్లో వచ్చేది. ఇవాళ నేను మాట్లాడేది ఆ పాట ఉన్న ఆల్బమ్ గురించి: ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ల 'మెషీన్ హెడ్', 1972. స్టూడియో ఆల్బమ్ అంటారు గానీ, దీన్ని ఏ స్టూడియోలోనూ రికార్డు చెయ్యలేదు. అందుకే ఇది ఇంత బాగా వచ్చిందని నా వాదన.

1971 డిసెంబర్‌లో ఈ ఐదుగురు ఇంగ్లండ్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లారు, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రూకి. అక్కడి క్యాసినో చలికాలానికి మూసేస్తారు కాబట్టి, ఆ ఖాళీ హాల్లో వాయిస్తూ, రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ల, లోపల రికార్డింగ్ పరికరాలున్న లారీని అద్దెకి తెచ్చి బయట పెట్టుకుని టేపు మీదికి ఎక్కించేద్దామని ప్లాన్. మూసేముందు చివరి కచేరీ అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాది, 4వ తేదీన. వీళ్లూ వెళ్లారు. జనంలో ఎవడో ఫ్లేర్ గన్, అంటే మండే సిగ్నల్ వదిలే తుపాకీ, పైకప్పుకేసి పేల్చాడు. క్యాసినో కాలిపోయింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. మాంట్రూ జాజ్ ఫెస్టివల్ నడిపే క్లోడ్ నాబ్స్ లోపలికి పరిగెత్తి కొందరిని బయటికి లాక్కొచ్చాడు. సరస్సు మీద పొగ పరుచుకోవడం చూసిన బేస్ గిటారిస్ట్ రోజర్ గ్లోవర్, కొన్నాళ్లకి 'స్మోక్ ఆన్ ద వాటర్', అంటే నీళ్ల మీద పొగ, అనే ఆ పాట పేరు పలుకుతూ నిద్రలేచాడట.

తర్వాత పెవిలియన్ అనే థియేటర్‌కి మారారు. అర్ధరాత్రి ఆ శబ్దానికి ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? పోలీసులొచ్చి తలుపు బాదుతుంటే, టేక్, అంటే ఆపకుండా ఒకసారి వాయించి రికార్డు చేసేది, పూర్తయ్యేదాకా వీళ్ల మనుషులు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. మనం వినే 'స్మోక్ ఆన్ ద వాటర్'కి వాయిద్యాల ఆధారం ఆ టేకే.

చివరికి దొరికింది గ్రాండ్ హోటల్, సీజన్ కాక మూసేసిన హోటల్. కారిడార్‌లో డ్రమ్స్, శబ్దం పెంచే ఆంప్‌లు, శబ్దం మార్మోగకుండా చుట్టూ పరుపులు. ఒక టేక్ ఎలా వచ్చిందో వినాలంటే గదులు, బాల్కనీలు దాటుకుని, చలిలో బయటున్న లారీ దాకా పోవాలి. కొన్నాళ్లకి విసుగొచ్చి వెళ్లడం మానేశారు. బాగా వాయించాం అనిపిస్తే అదే ఫైనల్! ఫోన్‌లో ఒక ముక్క పాడి, విని, చెరిపి, మళ్లీ పాడే మనకి ఇది పిచ్చితనంలా ఉంటుంది. అలాగని గాల్లో దీపం పెట్టి వాయించలేదు, ఈ ఆల్బమ్‌లోని 'హైవే స్టార్'లో గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ సోలో ముందే స్వరం స్వరం కూర్చుకున్నదే. జాన్ లార్డ్ తన కీబోర్డు వాద్యం హామండ్ ఆర్గన్‌ని గిటార్‌కి వాడే మార్షల్ ఆంప్‌లోంచి వినిపించాడు, ఆ గరుకుదనం 'లేజీ' మొదట్లో వినండి. నేను చాలాకాలం గిటారే అనుకున్నాను.

ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ 1 అయింది. తమాషా ఏంటంటే, వీళ్లు విడిగా అమ్మే పాటగా, అంటే సింగిల్‌గా ముందు నమ్ముకున్నది 'నెవర్ బిఫోర్'ని. అది ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? 'స్మోక్ ఆన్ ద వాటర్' అమెరికాలో 1973లో గానీ సింగిల్‌గా రాలేదు, వచ్చాక అక్కడి పాటల చార్టులో 4వ స్థానానికి ఎక్కింది.

నాకున్న ఒకే ఫిర్యాదు, అక్కడే రికార్డు చేసిన 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్'ని ఆల్బమ్‌లోంచి తీసేసి, ఆ 'నెవర్ బిఫోర్' సింగిల్ వెనకవైపు పడేశారు. బ్యాండ్ గాయకుడు ఇయాన్ గిల్లాన్ అరవకుండా పాడిన పాట అది. ఇప్పుడు అదే పెడుతున్నాను, బాబూ, ఆ స్పీకర్ కాస్త ఇటు తిప్పు.