బుడమేరు పని కొల్లేరు వైపు నుంచి మొదలవ్వాలి

అందరికీ నమస్కారం. ఈ సమావేశానికి పిలిచిన పెద్దలు నాకిచ్చిన అంశం 'బుడమేరు వరదకు శాశ్వత పరిష్కారం'. ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పినన్నాళ్ళూ శాశ్వతం అన్న మాట నేను వాడలేదు, ఇవాళా వాడను. వచ్చే ఇరవై ఏళ్ళలో ఏం చేయొచ్చు, ఏది ముందు, ఏది తర్వాత అన్నంతవరకే మాట్లాడతాను.

2024 సెప్టెంబర్ 1న మన విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయో మీకు నేను చెప్పేదేముంది, మీరే నాకు చెప్పాలి. ఆ నీళ్ళు వచ్చాక ఎందుకు కదల్లేదన్నది నేను చెప్తాను. నాకు అసలు ప్రశ్న అదే.

మైలవరం, జి.కొండూరు వైపు కొండల్లో పడ్డ వాన చిన్న చిన్న వాగులుగా దిగి బుడమేరు అవుతుంది. కొండ వాగు కాబట్టి వస్తే ఒక్కసారే వస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. అక్కడి నుంచి నీటికి రెండు దారులు. ఒకటి మళ్ళింపు కాల్వ, మనమంతా బీడీసీ అంటాం. అది ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. రెండోది పాత బుడమేరు. రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే ఊరి మీదుగా వచ్చి, ఎనికేపాడు దగ్గర సాగునీటి కాల్వ కింద యూటీలో, అంటే కాల్వ అడుగున కట్టిన సొరంగంలో దూరి, పొలాల మధ్య నుంచి కొల్లేరు చేరుతుంది. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, అక్కడి నుంచి సముద్రం.

అప్పుడు ఏమైంది? ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పెరుగుతూ పోయి 2వ తేదీకి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎప్పుడూ లేదు. నది అంత ఎత్తున నిలబడితే బీడీసీ నీళ్ళు అందులోకి దిగలేవు. వెనక్కి ఎగదన్నాయి, కట్ట మూడు చోట్ల తెగింది. అటు పాత దారిలోనూ నీళ్ళు వదిలారు. సైన్యం కూడా దిగి, ఇనుప తీగ బుట్టల్లో రాళ్ళు పేర్చి, 7వ తేదీకి గానీ మూడో గండి పూడ్చలేకపోయారు.

నది ఒడ్డున ఉన్న కృష్ణలంకను చూడండి. అంత వరదలోనూ రిటైనింగ్ వాల్ నది వైపు కాలనీలను కాపాడింది. అది చూశాక సింగ్‌నగర్‌కూ అలాంటి గోడే కావాలని చాలామంది అడుగుతున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ కృష్ణలంక గోడ అవతల కృష్ణానది ఉంది, అక్కడి నుంచి సముద్రం దాకా దారి ఉంది. బుడమేరు గోడ అవతల ఏముంది? ఇంకో కాలనీ. కింద దారి ఇరుకుగా ఉండగా ఇక్కడ గోడ కడితే నీళ్ళు పక్క వీధికి పోతాయి. పైగా మన వీధుల్లో పడ్డ వాన కూడా గోడ లోపలే నిలుస్తుంది, దాన్ని మోటార్లు పెట్టి తోడాలి. కరెంటు పోయిన రాత్రి ఆ మోటార్లు ఎవరు నడుపుతారో ముందే చెప్పమనండి.

అందుకే నేను చివరి నుంచి మొదలుపెట్టమంటాను. డ్రైనేజీ పని ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. పైన బుడమేరును వెడల్పు చేసి కింద వదిలేస్తే, ఇక్కడ ముంచే నీటిని ఇంకా వేగంగా ఏలూరు వైపు రైతుల మీదికి తోసినట్టే. వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఉప్పుటేరులో పూడిక ఉంది, పోటు సమయంలో సముద్రం నీటిని వెనక్కి నెడుతుంది. కొల్లేరులోకి బుడమేరు ఒక్కటే రాదు, తమ్మిలేరు, రామిలేరు కూడా వస్తాయి. ఆ సరస్సు నీటిని పట్టి నెమ్మదిగా వదలాలి. చేపల చెరువుల గట్లు అడ్డం పడ్డ కొద్దీ నీరు పరుచుకునే చోటు తగ్గింది. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో గట్లు కొట్టారు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. విజయవాడలో కూర్చుని కొల్లేరు మనకెందుకు అనుకుంటాం గానీ, సింగ్‌నగర్ నీళ్ళు దిగేది కొల్లేరు లెవల్‌ను బట్టే.

కింద దారి సరిచేస్తూనే పైన నీటిని ఆపే పని కూడా జరగాలి. ఒక చిన్న లెక్క చెప్తాను, భయపడకండి. 100 చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే, అందులో ఒక్క చుక్క ఇంకకపోతే, వచ్చే నీరు దాదాపు 0.35 టీఎంసీ. దాన్ని ఒకే రోజులో వదిలితే సుమారు 4,000 క్యూసెక్కులు. అదే నీటిలో సగం కొండ కింద చెరువుల్లో రెండు రోజులు ఆగితే కట్ట మీద ఒత్తిడి ఎంత తగ్గుతుందో మీరే ఊహించండి. మైలవరం వైపు పాత చెరువులు ఉన్నాయి. వాటి కట్టలు, అలుగులు బాగుచేసి, వానాకాలం మొదట్లో అంచు దాకా నింపకుండా కొంత ఖాళీ ఉంచాలి. ఇక్కడ రైతుతో పేచీ వస్తుంది. చెరువు ఖాళీగా ఉంచమంటే, వాన పడకపోతే నా నారుమడి సంగతేంటని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. దానికి పరిహారం రూపంలో జవాబు లేకపోతే ఆ ప్లాన్ కాగితం మీదే ఉంటుంది.

బీడీసీ గురించి ఇంకో మాట. పట్టిసీమ ఎత్తిపోతల పంపుల నుంచి వచ్చే గోదావరి నీళ్ళు కూడా చివర్లో ఆ దారినే కృష్ణలో కలుస్తాయి. భారీ వాన సూచన రాగానే పంపులు ఆపాలన్నది రాతపూర్వక నిబంధనగా ఉండాలి. ఏ అధికారి బదిలీ అయినా నిబంధన మారకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్లాన్ వేసేవాళ్ళు కృష్ణ నిండుగా ఉన్న రోజును లెక్కలోకి తీసుకోవాలి. బీడీసీ ఇంత తీసుకుంటుంది, పాత బుడమేరు ఇంత తీసుకుంటుంది అని రెండూ కూడి చూపిస్తే నమ్మకండి. కృష్ణ పొంగిన రోజు మొదటి అంకె చాలా పడిపోతుంది.

ఇరవై అయిదేళ్ళకోసారి వచ్చే వరద అని పేపర్లో చదివి, ఇప్పుడొచ్చింది కదా మళ్ళీ నా మనవడి కాలానికి అనుకుంటాం. అలా కాదు. ఏ ఏడాదికాఏడాది నూటికి నాలుగు వంతుల అవకాశం అని దాని అర్థం. మీరు ముప్పై ఏళ్ళ హోమ్ లోన్ తీసుకున్నారనుకోండి. ఆ లోన్ తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి డెబ్బై వంతులు. బ్యాంకు ఈ లెక్క మనకు చెప్పదు. వాతావరణం మారుతుంటే ఇదైనా పాత లెక్కే.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే విషయం, ఇళ్ళు. బుడమేరును వెడల్పు చేస్తే కొన్ని ఇళ్ళు పోతాయి, దాచి లాభం లేదు. వాళ్ళను ఆక్రమణదారులని తీసిపారేయడం నాకు నచ్చదు. స్థలం కొన్నారు, చాలామందికి రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను కట్టించుకున్నారు. ఇన్ని రసీదులు ఇచ్చిన ప్రభుత్వం ఇవాళ ఏమీ తెలియనట్టు బుల్డోజర్ తీసుకొస్తే ఎట్లా? పనిచోటుకు సిటీ బస్సులో వెళ్ళగలిగినంత దూరంలో ఇల్లు కట్టి, తాళం చేతిలో పెట్టాకే ఖాళీ చేయమనాలి. ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల స్థలం ఇస్తే వాళ్ళు ఏడాదిలో మళ్ళీ బుడమేరు గట్టు మీదికే వస్తారు.

రైల్వే, జాతీయ రహదారి, కార్పొరేషన్, జలవనరుల శాఖ, కొల్లేరులో అటవీ శాఖ, పైగా మూడు జిల్లాల కలెక్టర్లు. బుడమేరు వీళ్ళందరి కింద నుంచీ పారుతుంది గానీ, మొత్తం బుడమేరుకు జవాబు చెప్పే మనిషి ఒక్కరూ లేరు. 'ఆపరేషన్ బుడమేరు' అని పేరైతే పెట్టారు. దానికి ఒక ఆఫీసు, ఏటా మే నెలలో గుర్రపుడెక్క తీయడానికి విడిగా డబ్బు, పని ఎంతవరకు వచ్చిందో ఆరునెలలకోసారి మనముందుకొచ్చి చెప్పే పద్ధతి మనం అడగాలి.

ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2024లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చాలా గోడల మీద మరక ఇంకా ఉంది. సున్నం వేసేలోపు ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద ఆ ఎత్తు పెయింట్‌తో గుర్తు పెట్టండి, తేదీ రాయండి. ఆ కొలతలు ఉంటే వరద మ్యాపు ఎవరు తెచ్చినా తప్పొప్పులు మనమే సరిచూడొచ్చు. ఆ పక్క బల్ల మీద వీధుల వారీగా కాగితాలు పెట్టాను. టీ తాగుతూ మీ వీధి పేరు ఎదురుగా ఎవరు కొలుస్తారో రాయండి, ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.