టేపు మిగిలితే బాలు గారి పాట వేయండి

అందరికీ నమస్కారం. నన్ను మాట్లాడమని లైబ్రరీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు, నాకు ఉపన్యాసాలు రావండీ అన్నాను. "మీ దగ్గర చీటీల సంచీ ఉందట కదా, అది పట్టుకుని రండి, దాని గురించే చెప్పండి" అన్నారు. పట్టుకొచ్చాను. ఈ బల్ల మీద ఉన్నది అదే.

ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను తెలుసు. 1984 నుంచి 2003 దాకా మన తెనాలిలో నాకు క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. కుర్రవాళ్ల కోసం ఆ పని ఎలా జరిగేదో చెబుతాను. తమకు కావలసిన పాటలు కాగితం మీద రాసుకొచ్చేవాళ్లు, ఖాళీ క్యాసెట్ కొనుక్కునేవాళ్లు, సిక్స్‌టీ అయితే ఒక్కో వైపు అరగంట, నైంటీ అయితే ముప్పావుగంట. నేను రెండు డెక్కులు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పాటా ఎక్కించి, రెండు రోజులయ్యాక వచ్చి తీసుకెళ్లమనేవాణ్ణి. పని అయిపోయిన చీటీని ఇనప ఊచకు గుచ్చేవాణ్ణి, ఎందుకంటే టేపు నలిగిపోయిందనో తెగిందనో మళ్లీ అవే పాటలు కావాలని వచ్చేవాళ్లు. షాపు మూసేశాక కూడా ఆ చీటీలు పారేయబుద్ధి కాలేదు, సంచీలో వేసి అటక మీద పెట్టాను, అంతే, మర్చిపోయాను.

మళ్లీ దింపింది 2020 సెప్టెంబర్ 25న.

ఆ రోజులు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. ఆగస్టు 5న బాలు గారు తనకు కరోనా వచ్చిందని, తేలిగ్గానే ఉందని, ఎవరూ కంగారుపడొద్దని, ఫోన్లు చేయొద్దని వీడియోలో తనే చెప్పి చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. ఆయన అంత మామూలుగా చెప్పేసరికి మనమూ అలాగే అనుకున్నాం. పది రోజులు తిరగకుండా వెంటిలేటర్ అన్నారు. ఇక అక్కణ్ణుంచి నలభై రోజులు వాళ్ల అబ్బాయి చరణ్ గారు ఏం చెబుతారా అని చూడటమే మాకు పని. మధ్యలో ఆయనకు నెగిటివ్ వచ్చేసిందని ఎవరో పుట్టించారు, అందరం సంబరపడ్డాం, అది నిజం కాదని ఆ అబ్బాయే వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 20న సాయంత్రం ఆరింటికి ఎక్కడివాళ్లు అక్కడే ఆయన పాట పెట్టుకుని ప్రార్థన చేద్దామని తమిళ సినిమావాళ్లు పిలుపిచ్చారు కదా, ఆ సాయంత్రం మా వీధిలో నేను అరుగు మీద కూర్చున్నాను. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పాట. ఒకటి తెలుగు, ఒకటి తమిళం, మేడ మీద అద్దెకుండే కుర్రాడిది హిందీ. అన్నీ కలగాపులగంగా వినిపిస్తున్నాయి, ఏ పాటా సరిగ్గా తెలియడం లేదు, గొంతు మాత్రం ఒక్కటే. నా కళ్లు తడిసిపోయాయి.

సెప్టెంబర్ 25, శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంట దాటాక ఆయన పోయారని వార్త వచ్చింది. మర్నాడు తామరైపాక్కంలో ఆయన తోటలోనే ఖననం చేశారు. మామూలు రోజులైతే మన ఊరి నుంచి కనీసం రెండు బస్సులు బయల్దేరేవి. కరోనా కదా, ఎవరం కదల్లేదు, టీవీలో చూసి తలస్నానం చేసినవాళ్లు నాకు తెలుసు.

ఆ రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. డల్లాస్ నుంచి. ఇక్కడే చదువుకుని వెళ్లిపోయిన అమ్మాయి, ఇప్పుడు యాభై ఉంటాయి. "బాబాయ్ గారూ, మీ దగ్గర పాత చీటీలు ఉంటాయా? మా నాన్న రాసిచ్చింది ఒకటి ఉండాలి" అంది. వాళ్ల నాన్న రైస్ మిల్లులో గుమస్తా. సంచీ దింపి, మంచం మీద దుప్పటి పరిచి, చీటీలన్నీ కుమ్మరించాను. ఊచ గుచ్చిన చోట చిల్లులు, తుప్పు మరకలు, కొన్ని చెదలు తినేశాయి. మూడో రోజుకు దొరికింది. మిల్లు బిల్లు వెనక వైపు నీలం సిరాతో ఎనిమిది పాటలు, వరుస నంబర్లు వేసి, తేదీ 1987. పక్కన కొన్నింటికి "సుశీల" అని, కొన్నింటికి "బాలు" అని. కింద ఒక ముక్క రాసి ఉంది: "టేపు మిగిలితే బాలు గారి పాట ఏదైనా వేయండి, అమ్మాయికి ఇష్టం."

ఫోటో తీసి పంపాను. ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసింది కానీ చాలాసేపు మాట్లాడలేకపోయింది. వాళ్ల నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు, ఆ టైములో తను రాలేకపోయిందట. అప్పుడు కూడా ఇంత ఏడవలేదు బాబాయ్ గారూ అంది.

మీ చుట్టమా, పక్కమా, సినిమావాళ్లు పోతే మీరెందుకు ఇంత బాధపడతారు అని మనల్ని ఇంట్లోవాళ్లే అడుగుతారు. నేను ఆ అమ్మాయి గురించి చెబుతాను. ఆమె బాలు గారి కోసం ఏడ్చిందా, వాళ్ల నాన్న కోసం ఏడ్చిందా అంటే విడదీసి చెప్పడం నా వల్ల కాదు. ఆ వారంలో నాకు ఇలాంటి ఫోన్లు ముప్పైకి పైగా వచ్చాయి. ఒక్కరు కూడా బాలు గారు ఎన్ని వేల పాటలు పాడారు, ఎన్ని జాతీయ అవార్డులు వచ్చాయి అని మాట్లాడలేదు. మా అక్క పెళ్లిలో, హాస్టల్ గదిలో, మొదటి జీతంతో కొన్న టేప్ రికార్డర్‌లో, ఇలా చెప్పుకుంటూ పోయారు.

ఘంటసాల గారు పోయినప్పుడు, 1974 ఫిబ్రవరి 11న, నేను బడి పిల్లాణ్ణి. మా ఇంట్లో రేడియో లేదు, పక్కింటి అరుగు మీద జనం మూగితే మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని వెళ్లారు. ఆయనకప్పుడు యాభై ఒక్క ఏళ్లేనని పెద్దయ్యాక తెలిసి ఉలిక్కిపడ్డాను, ఆ గొంతు మనకు తాతగారి గొంతులా ఉంటుంది కదా. నా షాపులో అన్నిటికంటే ఎక్కువసార్లు కాపీ తీసిన క్యాసెట్ ఏదంటే ఆయన పాడిన భగవద్గీత. మైక్ సెట్ వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి "అన్నా, అర్జెంటు, గీత" అనేవాళ్లు, ఎవరో పోయారని అర్థం. ఇప్పటికీ అంతే, వైకుంఠ రథం వెళ్తుంటే వినపడేది ఆయనే. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది, మనిళ్లలో ఎవరు పోయినా ఆయనే వచ్చి సాగనంపుతున్నారు. మా నాన్నను కూడా.

ఇప్పుడు 2023 గురించి చెప్పాలి, ఆ ఏడాది మొదలే నన్ను కుంగదీసింది. జనవరి 27న జమున గారు, మన పక్కన దుగ్గిరాలలో పెరిగిన మనిషి. ఫిబ్రవరి 2 రాత్రి విశ్వనాథ్ గారు, మన రేపల్లె వైపు పెదపులివర్రులో పుట్టిన ఆయన. శంకరాభరణం విడుదలైంది 1980లో సరిగ్గా అదే ఫిబ్రవరి 2న. సరే, ఆయన తొంభై రెండేళ్లు నిండుగా బతికారు అని సర్దిచెప్పుకుని, శనివారం మధ్యాహ్నం మా ఆవిడా నేనూ ఆ సినిమా పెట్టుకుని కూర్చున్నాం. సగంలో ఉండగా మా అబ్బాయి ఫోన్ చేసి వాణీ జయరాం గారు పోయారన్నాడు. ఆ సినిమా పాటలకే బాలు గారికి, ఆమెకు ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. ఆమె గొంతు టీవీలోంచి వస్తూనే ఉంది, ఆపడానికి చేయి రాలేదు.

సాయంత్రం మళ్లీ మొదటి నుంచి పెట్టి, టైటిల్స్ దగ్గర ఒక్కో పేరు దగ్గరా ఆపుతూ చూశాను. సోమయాజులు గారు 2004లో వెళ్లారు. మాటలు రాసిన జంధ్యాల గారు 2001 జూన్ 19న, సంగీతం చేసిన మహదేవన్ గారు అదే నెల 21న, రెండే రోజుల తేడా. వేటూరి గారు 2010. కెమెరా పట్టిన బాలు మహేంద్ర గారు 2014, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు 2015. బాలు గారు 2020. ఆ తర్వాత 2023 నవంబర్‌లో చంద్రమోహన్ గారు కూడా వెళ్లిపోయారు. చిన్నప్పుడు టైటిల్స్ పడేటప్పుడు మనం పట్టించుకునేవాళ్లం కాదు, హాల్లో సీటు వెతుక్కునే టైము అది. ఇప్పుడు నేను ఏ పాత సినిమా పెట్టుకున్నా టైటిల్స్ వదలను, పేర్లన్నీ పైకి చదువుతాను. మా మనవరాలు కూడా అలవాటుపడి నాతో పాటు చదువుతుంది.

వాణీ జయరాం గారి విషయంలో ఒక బాధ ఉంది, చెప్పేస్తాను. ఆమె ఇంట్లో ఒంటరిగా ఉండగా పోయారు, నుదుటి మీద దెబ్బ ఉంది, పోలీసులు వచ్చారు. ఇక నేను చూసిన ఛానళ్లలో ఆ దెబ్బ గురించే చర్చ, బాణాలు గీసి, ఎర్ర గుండ్రాలు చుట్టి. ఎన్ని భాషల్లో పాడిన మనిషి, పదిరోజుల ముందే పద్మభూషణ్ ప్రకటించారు, అది అందుకోకుండానే వెళ్లిపోయింది. ఆమె పాట ఒక్కటి పూర్తిగా వేస్తారేమోనని రాత్రి దాకా చూశాను.

తప్పు మనలోనూ ఉంది. శరత్‌బాబు గారు 2023 మే మొదట్లో ఆసుపత్రిలో ఉండగానే పోయారని అందరూ పంచేసుకున్నారు, వాళ్ల ఇంట్లోవాళ్లు కాదు మొర్రో అన్నారు, ఆయన వెళ్లింది మే 22న. కోట శ్రీనివాసరావు గారి విషయంలో అయితే మరీ ఘోరం. 2023 ఉగాది ముందు రోజు ఆయన చనిపోయారని పుకారు లేచి, బందోబస్తుకని పోలీసులు ఇంటికి వచ్చేశారు, ఎనభై దాటిన మనిషి వీడియోలో కూర్చుని నేను బతికే ఉన్నానని చెప్పుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఉన్నారాయన, 2025 జులై 13న వెళ్లారు, పుట్టినరోజైన మూడో నాడు. మొదటిసారి ఆ మెసేజ్ నా ఫోన్‌కూ వచ్చింది. నేనూ ఇద్దరికి పంపాను. ఇది ఇక్కడ నిలబడి చెప్పడం నాకు కష్టంగానే ఉంది, కానీ చెప్పాలి. అప్పట్నుంచీ ఇంట్లోవాళ్లు చెప్పేదాకా నేను ఎవరికీ ఏదీ పంపను, మీరు కూడా అలా ఉండాలని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. ఒక గంట ఆలస్యంగా తెలిస్తే మనకు పోయేదేం లేదు, ఆ ఇంట్లో మందులిస్తున్న మనిషికి ఫోన్ మీద ఫోన్ వస్తే ఎంత టెన్షన్ అండీ.

కృష్ణ గారి గురించి మన ఊళ్లో చెప్పకపోతే ఒప్పుకోరు. 2022 నవంబర్ 15 తెల్లవారుజామున. అదే ఏడాది జనవరిలో పెద్ద కొడుకు, సెప్టెంబర్‌లో భార్య, ఆ తర్వాత ఆయన. నేను పొద్దున్నే స్కూటర్ మీద ఆయన సొంతూరు బుర్రిపాలెం వెళ్లాను. కొందరు అప్పటికే హైదరాబాద్ బయల్దేరిపోయారు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, పొలం పని చేసుకునే మనిషి, కృష్ణ గారి సినిమా విడుదలంటే రాత్రంతా బకెట్లో మైదా జిగురు కలిపి పోస్టర్లు అంటించిన బ్యాచ్‌లో వాడు. మాట్లాడలేదు. టీ గ్లాసు చల్లారిపోయింది. చాలాసేపటికి "ఒక్క ఏడాదిలో పద్దెనిమిది సినిమాలు బాబూ, డెబ్బై రెండులో. మాకు నిద్ర ఎక్కడిది" అన్నాడు. ఆ "మాకు" అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ సినిమాలు ఆయన తీసినట్టే, ఆయన నటించినట్టే చెప్పాడు. ఆయన రాత్రులు కూడా అందులో ఉన్నాయి మరి.

ఇంకొక్కటి, బెంగళూరుది. 2006లో కన్నడ హీరో రాజ్‌కుమార్ గారు పోయినప్పుడు అభిమానులు ఊరు తగలబెట్టినంత పని చేశారు, ఒక కానిస్టేబుల్‌ను కొట్టి చంపారు. 2021 అక్టోబర్ 29న ఆయన కొడుకు పునీత్ నలభై ఆరేళ్లకే పోతే మళ్లీ అలాగే అవుతుందని అక్కడున్న మా బంధువులు భయపడి తలుపులు వేసుకున్నారు. లక్షల మంది వచ్చారు, కంఠీరవ స్టేడియం చుట్టూ క్యూ కట్టి చూసి వెళ్లారు. తండ్రిలాగే కొడుకు కళ్లు కూడా దానం చేశారు, నలుగురికి చూపు వచ్చింది. ఆ తర్వాత నేత్రదానానికి పేర్లు ఇచ్చేవాళ్లు కర్ణాటకలో ఒక్కసారిగా పెరిగిపోయారు. మా తోడల్లుడి కొడుకు, పునీత్ అంటే ప్రాణం వాడికి, అదే వారం వెళ్లి ఫారం నింపి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కార్డు పర్సులో చూసి వాళ్లమ్మ అడిగితే చెప్పాడు.

నాకిచ్చిన టైము అయిపోవచ్చింది. సంచీ ఇక్కడే ఉంచుతున్నాను. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు, చుట్టుపక్కల ఊళ్లవన్నీ ఉన్నాయి. ఏడాది వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టాను. వాటిలో మీ నాన్నదో, మీ అక్కదో చేతిరాత కనపడితే తీసుకెళ్లండి, నాకు చెప్పాల్సిన పని కూడా లేదు. నెమ్మదిగా విప్పండి, కాగితాలు పెళుసుగా ఉన్నాయి, మడత దగ్గర చిరుగుతాయి.