ఎంతమందిలో ఎంతమందికి?

శ్రోతలకు నమస్కారం.

2017 అక్టోబరులో ఒక అంకె దేశదేశాలూ తిరిగింది. 76 శాతం. ఎగిరే పురుగులు 27 ఏళ్లలో ముప్పావు వంతుకు పైగా తగ్గిపోయాయన్నది వార్త. ఇలాంటి వార్త విన్నప్పుడు ఆ శాతాన్ని నమ్మాలా వద్దా అని అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: దేన్ని కొలిచారు, ఎలా కొలిచారు, ఎంతలో ఎంత?

జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊళ్లో పురుగుల మీద మక్కువ ఉన్నవాళ్ల సంఘం ఒకటుంది. 1989 నుంచి 2016 దాకా ఆ సంఘం వాళ్లు 63 రక్షిత ప్రకృతి ప్రాంతాల్లో మలేజ్ వలలు కట్టారు. స్వీడన్ కీటక శాస్త్రవేత్త రెనే మలేజ్ పేరు మీద వచ్చిన వల అది. చూడ్డానికి గుడారంలా ఉంటుంది. ఎగిరొచ్చిన పురుగు నిలువు తెరకు తగిలి, వెలుతురు వైపు పైకి పాకుతుంది. పైకొసన ఆల్కహాల్ పోసిన సీసా ఉంటుంది, అందులో పడుతుంది. ఆ పురుగుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు, మొత్తం కలిపి తూచారు. తూచడానికీ ఒక నియమం పెట్టుకున్నారు. ఆల్కహాల్‌ను కారనివ్వాలి. చుక్కకూ చుక్కకూ మధ్య వ్యవధి మొదటిసారి పది సెకన్లు దాటగానే త్రాసు మీద పెట్టాలి. వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ, ఒక ఏడాది తడితడిగా, మరో ఏడాది బాగా ఓడ్చి తూస్తే లెక్కలో తేలే తేడా పురుగులది కాదు, ఆల్కహాల్‌ది.

నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ఆ లెక్కలన్నీ విశ్లేషించారు. తేలినది ఇది: వలల్లో పడే పురుగుల బరువు సీజను మొత్తం మీద 76 శాతం, నడివేసవిలో 82 శాతం తగ్గింది. బరువు తగ్గిందన్నారు తప్ప జాతులు ఇన్ని పోయాయని అనలేదు. జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో అన్నారు తప్ప భూమి మీద అనలేదు. పైగా ఆ 63 చోట్లలో 37 చోట్ల ఒక్క ఏడాదే వల కట్టారు. అంటే ఒకే పొలిమేరలో ఏటేటా తూచిన లెక్క కాదిది. వేరువేరు చోట్లని వేరువేరు ఏళ్లలో తూచి, వాతావరణం, నేల తీరు, మొక్కల తేడాలను లెక్కలో సర్ది, అప్పుడు తీసిన మొగ్గు. ఆ సర్దుబాట్లు చేశాక కూడా తగ్గుదలలో చాలా భాగానికి కారణం దొరకలేదని పరిశోధకులే రాశారు. ఇన్ని షరతులున్నా ఆ పని విలువ తగ్గదు. ఒకే రకం వల, ఒకే తూకం పద్ధతి అన్నేళ్లు నిలబెట్టడం మామూలు విషయం కాదు.

2020లో మరో పెద్ద లెక్క సైన్స్ పత్రికలో వచ్చింది. 166 దీర్ఘకాల సర్వేలు, 1,676 చోట్లు. అందులో నేల మీద బతికే పురుగులు పదేళ్లకు సుమారు 9 శాతం చొప్పున తగ్గుతున్నాయని, మంచినీటిలో పెరిగే పురుగులు పదేళ్లకు సుమారు 11 శాతం చొప్పున పెరుగుతున్నాయని తేలింది. పదేళ్లకు 9 శాతమంటే ముప్పై ఏళ్లకు దాదాపు పావు వంతు. ముప్పావు ఎక్కడ, పావు ఎక్కడ! ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని లేదు. చోట్లు వేరు, కొలతలు వేరు. ఈ రెండో లెక్కలోనూ ఎక్కువ సర్వేలు ఐరోపా, ఉత్తర అమెరికాలవే. కనుక దాన్నీ ప్రపంచానికంతటికీ చుట్టబెట్టలేం.

మరి షరతులన్నీ రాలిపోయి అంకె ఒక్కటే మన చెవిదాకా ఎలా వస్తుంది? తప్పు విలేకరులదే అనుకోవడం సులువు. కార్డిఫ్ విశ్వవిద్యాలయం బృందం 2014లో ప్రచురించిన పరిశీలన ఇంకో చోట వేలుపెట్టి చూపింది. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు ఆరోగ్య పరిశోధనల మీద విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను అసలు పరిశోధన పత్రాలతో పక్కపక్కన పెట్టి చదివారు. 40 శాతం ప్రకటనల్లో, పత్రంలో ఉన్నదానికి మించిన సలహా ఉంది. 33 శాతంలో, రెండు విషయాలు కలిసి కనిపించాయన్న మాట కాస్తా ఒకటి రెండోదానికి కారణమన్న మాటగా మారింది. 36 శాతంలో జంతువుల మీద చూసినదాన్ని మనుషులకు అంటగట్టారు. ప్రకటనలో సలహా హద్దు దాటితే వార్తల్లో 58 శాతం హద్దు దాటాయి. ప్రకటన హద్దులో ఉన్నప్పుడు 17 శాతమే దాటాయి. పెంచి చెప్పినందువల్ల వార్తకు ఎక్కువ చోటు దక్కిందా అంటే, దానికి గట్టి ఆధారం కనిపించలేదు. అంటే పెంచితే లాభమని తేలలేదన్నమాట! ఒక జాగ్రత్త: ఇది కూడా పరిశీలనే, ప్రయోగం కాదు. ప్రకటన వల్లే వార్త చెడిందని ఇది రుజువు చేయదు. కలిసి కనిపించినంత మాత్రాన కారణం కాదన్న నియమం ఈ బృందానికీ వర్తిస్తుంది.

ఇక అంకె మనిషి ఒంటి మీదికి వచ్చే చోటుకు వద్దాం. పడక పుండ్లు. కదలలేని మనిషి ఒకే పక్క మీద ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, దాని కింది కండ నలుగుతాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి అక్కడి కణజాలానికి నెత్తురందదు, అది చచ్చిపోవడం మొదలవుతుంది. నడుము అడుగున పిరుదుల మధ్య ఎముక, తుంటి ఎముక, మడమ, చీలమండ అన్నిటికంటే ముందు దెబ్బతినే చోట్లు. అందుకే రోగిని వేళకు పక్క మారుస్తారు. ఎంతసేపటికోసారి, ఏ కోణంలో అన్నదే ప్రశ్న.

ఐర్లండ్‌లో 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో దీర్ఘకాల సంరక్షణలో ఉన్న 213 మంది వృద్ధులను రాత్రి వేళల్లో రెండు తీరుల్లో చూశారు. ఒక గుంపును ఆరు గంటలకోసారి పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలు తిప్పేవారు. అది అక్కడి మామూలు పద్ధతి. రెండో గుంపును మూడు గంటలకోసారి 30 డిగ్రీలు మాత్రమే వాల్చేవారు. నాలుగు వారాల్లో మొదటి గుంపులో 114 మందిలో 13 మందికి పుండ్లు పడ్డాయి. రెండో గుంపులో 99 మందిలో ముగ్గురికి.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. "పుండ్లు 73 శాతం తగ్గాయి" అనడం ఒకటి. "నూటికి 11 మందికి పడేవి ముగ్గురికే పడ్డాయి, అంటే నూటికి ఎనిమిది మందికి తప్పాయి" అనడం రెండోది. రెండూ నిజమే. కానీ పదివేలకు 11 మందికి వచ్చేది ముగ్గురికి తగ్గినా అదే 73 శాతం. అప్పుడు లాభపడేది పదివేలకు ఎనిమిది మందే. శాతం ఒక్కటే చెబితే వినేవాడికి ఈ తేడా తెలియదు. అందుకే రెండు గుంపులనూ ఒకే మొత్తం మీద, నూటికి ఇందరని గాని వెయ్యికి ఇందరని గాని చెప్పాలి. ఒకదాన్ని నూటికి, ఇంకోదాన్ని "ముప్పై మూడు మందిలో ఒకరికి" అని చెబితే పోల్చుకునే పని వినేవాళ్ల మీద పడుతుంది.

ఈ ప్రయోగంలో వ్యవధి, కోణం రెండూ ఒకేసారి మారాయి. మేలు దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పడానికి వీల్లేదు. "మూడు గంటలకోసారి తిప్పితే చాలు" అని శీర్షిక పెడితే సగం వదిలేసినట్టే.

2013లో అమెరికా, కెనడాల్లోని 27 సంరక్షణ కేంద్రాల్లో మరో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. పుండ్లు పడే ప్రమాదమున్న 942 మంది వృద్ధులను దట్టమైన (అధిక సాంద్రత గల) ఫోమ్ పరుపుల మీద ఉంచి, రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పే మూడు గుంపులు చేసి మూడు వారాలు చూశారు. రెండు గంటల గుంపులో 321 మందిలో 8 మందికి, మూడు గంటల గుంపులో 326 మందిలో ఇద్దరికి, నాలుగు గంటల గుంపులో 295 మందిలో 9 మందికి పుండ్లు పడ్డాయి. చూడగానే మూడు గంటలు గెలిచిందనిపిస్తుంది. తొందరపడొద్దు. మొత్తం కలిపి 19 పుండ్లే. ఇంత చిన్న లెక్కలో ఇలాంటి తేడాలు యాదృచ్ఛికంగానూ రావచ్చు. గుంపుల మధ్య నమ్మదగిన తేడా లేదన్నదే ఫలితం. అందులోంచి తీసుకోదగ్గది ఒకటే: మంచి ఫోమ్ పరుపు ఉండి, శ్రద్ధగా చూసుకుంటూ ఉంటే, కొందరు వృద్ధులకు రెండు గంటల నియమం అంత బిగుతుగా పాటించనక్కర్లేకపోవచ్చు. పలచని దూది పరుపు మీద ఉన్నవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు ఈ మాట వర్తించదు. పరుపు సంగతి చెప్పకుండా గంటల సంగతి చెబితే అది హానికరమైన సలహా అవుతుంది.

30 డిగ్రీల వాలు అంటే చేతిలో ఎలా ఉంటుందో చెబుతాను. రోగిని వెల్లకిలా ఉంచి, దుప్పటి పట్టుకుని ఇద్దరు కలిసి ఒక పక్కకు కొద్దిగా ఎత్తాలి. ఈడ్చకూడదు, ఈడిస్తే చర్మం ఒకవైపు, లోపలి కండ ఒకవైపు లాగినట్టయి లోపలే చిరుగుతుంది. ఎత్తిన వైపు వీపు కింద ఒక దిండు, అదే వైపు తొడ కింద మరో దిండు పెట్టాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి నడుము ఎముక కింద చెయ్యి దూర్చి చూడాలి. ఎముక పరుపుకు ఆనకూడదు, కింది వైపు తుంటి ఎముక మీదా పూర్తి బరువు పడకూడదు. చాలాసార్లు తప్పేది ఇక్కడే. దిండు మెత్తనైతే గంటలో నలిగిపోయి మనిషి మళ్లీ వెల్లకిలా అయిపోతాడు. చార్టులో మాత్రం "పక్క మార్చాం" అనే ఉంటుంది. మడమలకు వేరే దిండు కావాలి. దాన్ని పిక్కల కింద పొడుగునా పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. తలవైపు మంచం 30 డిగ్రీలు మించి ఎత్తితే మనిషి కిందికి జారుతూ ఉంటాడు, ఆ జారుడే నడుము దగ్గర పుండుకు దారి. అన్నం తినేటప్పుడు ఎత్తక తప్పదు, తిని కొంతసేపు అయ్యాక దించాలి. నడుము కింద రింగు దిండ్లు పెట్టొద్దు, రింగు అంచున రక్తం ఆగిపోతుంది.

తిప్పిన ప్రతిసారీ చర్మం చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే రక్తం ఇంకా ఆడుతోందని గుర్తు. నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు మొదటి దశ, ఆ వైపు పడుకోబెట్టడం ఆపేయాలి. నల్లని ఒంటిమీద ఎరుపు కనబడకపోవచ్చు. చుట్టుపక్కల కంటే వెచ్చగా గాని చల్లగా గాని ఉందా, గట్టిపడిందా, నొప్పి పుడుతోందా అని చేత్తో తడిమి చూడాలి. ఎర్రబడ్డ చోట రుద్దడం, నూనె పెట్టి మర్దన చేయడం వద్దు. నలిగిన రక్తనాళాలు అలా చేస్తే ఇంకా చితుకుతాయి.

ఎవరికి ఎక్కువ జాగ్రత్త కావాలో చూడ్డానికి నర్సులు బ్రేడెన్ స్కేలు వాడతారు. నొప్పి తెలిసే శక్తి, చర్మానికి తడి, నడక, మంచంలో కదలిక, తిండి, ఒరిపిడి, ఈ ఆరింటికి మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 దాకా. మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 18 గాని అంతకంటే తక్కువ గాని వస్తే ప్రమాదమున్నట్టు లెక్క. స్కేలు వేసి ఫైల్లో పెట్టి, తిప్పే వేళలు మాత్రం అందరికీ ఒకటే ఉంచితే ఆ కాగితం దండగ.

రోగిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సులు ఇదంతా ఇంటివాళ్లకు చెప్పాలి. "అర్థమైందా అండీ?" అని అడిగితే అందరూ అయిందనే అంటారు. అలా కాకుండా, "నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుసుకోవాలి, రాత్రి ఎలా తిప్పుతారో ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. దిండు మడమ కింద పెడితే అక్కడికక్కడే దిద్దొచ్చు. "ఇలా చేస్తే పుండు పడదా?" అని వాళ్లు అడుగుతారు. పడదని హామీ ఇవ్వకండి. "ఏమో, చెప్పలేం" అని దాటేయకండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బృందం 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, అనిశ్చితిని అంకెల హద్దులతో చెప్పినప్పుడు వినేవాళ్ల నమ్మకం స్వల్పంగానే తగ్గింది, "కొంచెం అటూ ఇటూ కావచ్చు" అని మాటల్లో చెప్పినప్పుడు అంతకంటే ఎక్కువ తగ్గింది. కనుక "ఒక ప్రయోగంలో ఇలా చూసుకున్నవాళ్లలో నూటికి ముగ్గురికి పుండు పడింది, మామూలుగా చూసుకున్నవాళ్లలో 11 మందికి పడింది, మీవారికి తిండి తగ్గింది కాబట్టి ప్రమాదం ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు, నొక్కితే తెల్లబడని ఎరుపు కనబడితే అదే రోజు ఫోన్ చేయండి" అని చెప్పండి. నంబరు చేతికి రాసివ్వండి.

నమస్కారం.