ఒక్క రోజు, ముగ్గురు గవర్నర్లు: కొలరాడో 1904 ఎన్నికపై చర్చ

యాంకర్: 1905 మార్చి 16 పొద్దున అమెరికాలోని కొలరాడో రాష్ట్ర గవర్నర్ ఆల్వా ఆడమ్స్. రోజు ముగిసేసరికి జేమ్స్ పీబాడీ. మర్నాడు జెస్సీ మెక్‌డొనాల్డ్! మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ జనమే ఓటేస్తారు, మన ముఖ్యమంత్రిలాంటి పదవి. మరి జనం ఎవరికి వేశారు సార్?

చరిత్ర అధ్యాపకుడు: లెక్క ప్రకారం ఆడమ్స్‌కే. డెమోక్రాట్, అప్పటికే రెండుసార్లు గవర్నర్‌గా చేసినవాడు. 1904 నవంబర్‌లో రిపబ్లికన్ పీబాడీ మీద 9 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. కానీ ఈ గొడవ గనుల దగ్గర మొదలైంది. రోజుకు 8 గంటల పని కావాలని 1902లో జనం రాజ్యాంగ సవరణకు ఓటేశారు. శాసనసభ చట్టం చెయ్యలేదు. మరుసటేడు క్రిపుల్ క్రీక్‌లో గని కార్మికులు సమ్మెకు దిగితే, అప్పటి గవర్నర్ పీబాడీ నేషనల్ గార్డ్‌ని, అంటే రాష్ట్ర సైన్యాన్ని దింపాడు. ఆ సైన్యం ఖర్చు గనుల యజమానులు భరిస్తామన్నారు. అంటే ప్రభుత్వ సైన్యం, కంపెనీ డబ్బు! 1904 జూన్‌లో ఇండిపెండెన్స్ రైల్వే స్టేషన్‌లో బాంబు పేలి 13 మంది చనిపోయారు. ఆ తర్వాత యూనియన్ వాళ్లను రైలెక్కించి కాన్సాస్, న్యూమెక్సికో సరిహద్దుల్లో దించేసి వచ్చారు. ఎన్నిక జరిగింది ఈ వేడిలోనే.

న్యాయవాది: యూనియన్ అధ్యక్షుడు చార్లెస్ మోయర్‌ని ఏ అభియోగమూ లేకుండా రెండు నెలలకు పైగా నిర్బంధించారు. ఆయన పీబాడీ మీద దావా వేస్తే, 1909లో అమెరికా సుప్రీంకోర్టు గవర్నర్ పక్షానే తీర్పిచ్చింది. నాకైతే ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు.

యాంకర్: రిగ్గింగ్ సంగతేంటి? దొంగ ఓట్లు ఎవరివి?

చరిత్ర అధ్యాపకుడు: ఇద్దరివీ. డెన్వర్‌లో డెమోక్రాట్ల మనుషులే మళ్లీ మళ్లీ ఓటేశారు. బొగ్గు గనులున్న కౌంటీల్లో కంపెనీలు కార్మికుల మీద ఒత్తిడి తెచ్చి రిపబ్లికన్లకు వేయించాయి.

న్యాయవాది: ఇక్కడే నాకు అభ్యంతరం. డెన్వర్ ఎన్నికల మీద పర్యవేక్షణ రాష్ట్ర సుప్రీంకోర్టు తీసుకుంది, అక్కడి అధికారుల్ని కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపింది. మరి గని కంపెనీల వాళ్లను ఎవరు అడిగారు?

యాంకర్: సరే, ఒక్క రోజులో ముగ్గురు ఎలా అయ్యారు?

చరిత్ర అధ్యాపకుడు: ఆడమ్స్ జనవరిలో ప్రమాణం చేశాడు. ఎన్నిక చెల్లదంటూ పీబాడీ ఫిర్యాదు శాసనసభకు వెళ్లింది, అక్కడ మెజారిటీ రిపబ్లికన్లది. ఆడమ్స్‌ని దింపేద్దామని ఉంది, కానీ పీబాడీని మళ్లీ మొయ్యడానికి వాళ్ల పార్టీలోనే కొందరు సిద్ధంగా లేరు. చివరికి బేరం కుదిరింది: పీబాడీని కూర్చోబెడతాం, ఆయన వెంటనే రాజీనామా చెయ్యాలి, లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) మెక్‌డొనాల్డ్ ఎక్కుతాడు.

న్యాయవాది: చూడండి, పీబాడీ నిజంగా గెలిచాడని నమ్మితే రాజీనామా ఎందుకు? గెలవలేదనుకుంటే కుర్చీ ఎందుకు? ఎవరు గెలిచారన్న ప్రశ్నకు సభ జవాబే చెప్పలేదు. గవర్నర్ పదవికి పోటీ చెయ్యని మనిషి గవర్నరయ్యాడు.

యాంకర్: ఆడమ్స్ ఊరుకున్నాడా?

చరిత్ర అధ్యాపకుడు: 1906లో మళ్లీ నిలబడ్డాడు. ఈసారి డెన్వర్ విశ్వవిద్యాలయం చాన్సలర్, మెథడిస్ట్ పాస్టర్ హెన్రీ బుక్టెల్ చేతిలో ఓడిపోయాడు.