కంటి వెనక నీరు చేరిందన్నారా? సీఎస్‌ఆర్‌లో అది ఏ రకమో తెలుసుకోండి

(తెరపై: కూకట్‌పల్లి మెట్రో కింద వరుసగా పిల్లర్లు. ఒక పిల్లర్ నడుమ మెల్లగా వంగుతుంది.)

దసరా సెలవుల్లో మా బావ బండి ఆపి ఒక కన్ను మూసుకున్నాడు. "బామ్మర్దీ, ఆ పిల్లర్ నడుమ వంకరగా ఉందేంటి?" అన్నాడు. నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు. చూపు మధ్యలో మాత్రం బూడిదరంగు మచ్చ. రెండు కళ్లూ తెరిస్తే అంతా మామూలే.

దీని పేరు సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా సీఎస్‌ఆర్ అంటారు. నడివయసు మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

(తెరపై: కంటి అడ్డకోత బొమ్మ.)

కంటి వెనక వెలుతురును పట్టే తెర రెటీనా. దాని కింద ఒకే వరుస కణాలతో ఒక పొర ఉంటుంది, దాన్ని ఆర్‌పీఈ అంటారు. దాని కింద రక్తనాళాలతో నిండిన కోరాయిడ్. ఈ జబ్బులో కోరాయిడ్ ఉబ్బి, పైపొర మీద ఒత్తిడి పడి, ఎక్కడో ఒకచోట నీరు ఊరి రెటీనా కిందికి చేరుతుంది. అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది రెటీనా నడిమధ్య ఉండే మాక్యులాతో కాబట్టి, అది కాస్త లేచినా గీతలు వంగుతాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. సంక్రాంతి దగ్గర పడ్డాక బావ రెండుచోట్ల చూపించుకున్నాడు. ఒకచోట "అక్యూట్", అంటే కొత్తగా వచ్చింది అని రాశారు, ఇంకోచోట "క్రానిక్", అంటే చాన్నాళ్లుగా ఉన్నది అని. ఆ రెండో మాట విన్నాక అక్కకి రాత్రి నిద్ర లేదు, షుగర్‌లాగా జీవితాంతం ఉండిపోతుందేమోనని. నిజానికి కన్ను మారలేదు. మొదటిచోట "ఎప్పటి నుంచి?" అని డాక్టరు అడిగితే బావ దసరా అన్నాడు. రెండోచోట అక్క ఊరుకోలేదు. "కాదండీ, వినాయక చవితికే మీరు టీవీకి దగ్గరగా జరిగి కూర్చున్నారు" అంది. తేడా ఒక నెల. కానీ 3 నెలలు దాటితే క్రానిక్ అనేవాళ్లున్నారు, 4 అనేవాళ్లున్నారు, 6 అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క కన్ను మూసి చూసుకునేదాకా తెలియని జబ్బుకి మొదలైన తేదీ ఎవరు చెప్పగలరు?

ఈ జబ్బును జర్మన్ డాక్టర్ ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే 1866లోనే వర్ణించారు. అయినా రకాలు ఎలా విడదీయాలన్న దానిపై ఇటీవలి దాకా ఏకాభిప్రాయం లేదు. 2020లో పలు దేశాల రెటీనా నిపుణులు కలిసి, గుర్తున్న తేదీని బట్టి కాకుండా స్కాన్లలో కనిపించేదాన్ని బట్టి ఒక వర్గీకరణ ప్రతిపాదించారు. అందులో ముందున్న వారు డాక్టర్ జయ్ చబ్లానీ. అంతకుముందు ఆయన మన బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పనిచేశారు.

(తెరపై: ఓసీటీ మెషీన్. గడ్డం ఆనించి, లోపలి గుర్తు వైపు చూస్తున్న కన్ను.)

ఓసీటీ అంటే రెటీనా పొరలను అడ్డకోతలా చూపించే స్కాన్. అందులో నీరు నల్లటి సందులా కనిపిస్తుంది. పొరలు పైకి గుడారంలా లేస్తాయి. కానీ వర్గీకరణ నీటిని కొలవడంతో మొదలు కాదు. ఆర్‌పీఈ ఎంతమేర దెబ్బతిందో చూస్తారు. కంటినరం మొదలయ్యే గుండ్రటి చోటు, అంటే ఆప్టిక్ డిస్క్, దీనికి కొలబద్ద. దెబ్బ మొత్తం రెండు డిస్కుల వైశాల్యం లోపే ఉంటే సింపుల్. అది దాటినా, పలుచోట్ల ఉన్నా కాంప్లెక్స్. రెటీనా పెద్ద బుడగలా లేవడం, ఆర్‌పీఈ చిరగడం వంటి అరుదైనవి ఎటిపికల్ కింద వేరు.

ఆ తర్వాత ఇది మొదటిసారా, తిరగబెట్టిందా, ఆరిపోయిందా అని చూస్తారు. కాలం లెక్క పూర్తిగా పోలేదు, నీరు 6 నెలలు దాటినా ఉంటే పర్సిస్టెంట్ అంటారు. నీరు సరిగ్గా చూపు కేంద్రంలో ఉందా, పై పొరలు పలచబడ్డాయా, కింద కొత్త రక్తనాళాలు మొలిచాయా అన్నవీ రాస్తారు. కొత్త నాళాలుంటే వైద్యమే మారుతుంది, కంట్లో ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. అందుకే రిపోర్టులో నేను ముందు ఆ వరుసే వెతుకుతాను.

సింపుల్ రకం చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే పీడీటీ లేజర్ ఉంది, అంటే నరంలోకి సగం మోతాదు మందు ఎక్కించి, దాన్ని కంట్లో లేజర్ కాంతితో పనిచేయించడం. ఎప్లెరినోన్ మాత్రలు చాలాకాలం వాడారు గానీ, 2020లో వచ్చిన పరీక్షల ఫలితాల్లో అవి ఉత్తుత్తి మాత్రకన్నా మేలు చేయలేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్లు ఈ జబ్బును తెచ్చిపెట్టగలవు. మాత్రలే కాదు, ఇన్‌హేలరు, ముక్కు స్ప్రే, కీళ్ల ఇంజెక్షను, ఒంటికి పూసే క్రీమూ లెక్కలోకే వస్తాయి. బావ సంచిలో దద్దుర్లకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు దొరికింది. అది "మందు" అని ఆయనకి తోచలేదు, డాక్టరుకి చెప్పలేదు. మీరు చెప్పండి. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఆపేయకండి.

(తెరపై: రెండు స్కాన్లు పక్కపక్కన.)

ఎడమది సంక్రాంతి నాటిది. సింపుల్, మొదటిసారి, కేంద్రంలో నీరు, కొత్త నాళాలు లేవు. కుడిది మార్చిలో తీసింది. నల్లటి సందు మూసుకుపోయింది, రిపోర్టులో "రిసాల్వ్‌డ్" అని ఉంది. రంగులు ఆ కంటికి ఇంకా కాస్త వెలిసినట్టే ఉన్నాయంటాడు బావ. అక్క రెండు స్కాన్లనూ ఒకే ఫైల్లో పెట్టి, పైన తేదీలు రాసింది.