మేడమ్, ఈ నీళ్లు తాగవచ్చా? డిగ్రీ చదువులో అభ్యసన ఫలితాలు

[దృశ్యం: శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాల, రసాయనశాస్త్ర ప్రయోగశాల. బల్లపై నీళ్ల సీసా. దానికి అంటించిన చీటీ మీద ‘మా ఇంటి బావి’ అని చేతిరాత.]

నమస్కారం. ఈ నీళ్లు నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చాయి. తెచ్చింది రెండో సంవత్సరం బీఎస్సీ విద్యార్థిని. అభ్యసన ఫలితం అంటే ఏమిటో ఆమె చేతులను చూస్తూ మాట్లాడుకుందాం.

[దగ్గరి దృశ్యం: బ్యూరెట్, కోనికల్ ఫ్లాస్కు.]

నీటి కఠినత్వం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలుస్తోంది. పిపెట్‌తో 50 మిల్లీలీటర్ల నీరు తీసుకుంది. పీహెచ్ మారకుండా చూసే బఫర్ ద్రావణం కలిపి దాన్ని 10 దగ్గర నిలిపింది. రంగు మారి ముగింపు చూపే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే సూచిక చిటికెడు వేయగానే నీరు ముదురు ఎరుపుకు తిరిగింది. ఇక ఆ కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకునే ఈడీటీఏ ద్రావణం (గాఢత 0.01 మోలార్), చుక్క తరువాత చుక్క. ఎరుపు ఊదాగా మారుతోంది. ఇక్కడ తొందరపడితే లెక్క తప్పుతుంది. ఆమె ఊపిరి బిగబట్టి ఆగింది. ఇంకొక్క చుక్క. నీలం!

బ్యూరెట్‌లో 15 మిల్లీలీటర్లు ఖర్చయ్యాయి. అంటే, కాల్షియం కార్బోనేట్‌గా లెక్కిస్తే, లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం. చాలా రికార్డులు ఈ అంకె దగ్గరే ముగుస్తాయి. ఆమె మాత్రం తలెత్తి అడిగింది: “మేడమ్, ఈ నీళ్లు తాగవచ్చా?”

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వసతి లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. ఆమె బావి ఈ రెండింటికీ నడుమ ఉంది. అయినా ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పలేం. ఫ్లోరైడు చూడాలి, నైట్రేటు చూడాలి, సూక్ష్మజీవులను చూడాలి. ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా కచ్చితంగా తేలని జిల్లా మనది. ఒక్క అంకె చూసి నీటిని మంచిదనో చెడ్డదనో అనకూడదని మన పిల్లలకు అందరికంటే ముందు తెలియాలి.

[తెరపై: ‘నీటి కఠినత్వం, నిర్ధారణ’]

ఇది సిలబస్‌లోని మాట. మేము ఏమి చెప్పాలో ఇది చెబుతుంది. ‘నీటి నమూనా కఠినత్వాన్ని కొలిచి, ప్రమాణంతో పోల్చి, తన నిర్ణయాన్ని కారణాలతో వివరించగలరు’ అన్నది అభ్యసన ఫలితం. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో అది చెబుతుంది. ‘అవగాహన పొందుతారు’ అని రాసి ఊరుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. అవగాహన కలిగిందో లేదో దేనితో కొలుస్తాం?

కళాశాలల నాణ్యతను తూచడానికి న్యాక్ అనే జాతీయ సంస్థ 1994లో ఏర్పడింది. ఇంజనీరింగ్ కోర్సులను ఎన్‌బీఏ అనే మరో గుర్తింపు సంస్థ చూస్తుంది. దాని ద్వారానే 2014లో భారత్, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తిస్థాయి సభ్యదేశమైంది. కోర్సు ఫలితాలకూ మొత్తం డిగ్రీ ఫలితాలకూ ఉన్న సంబంధం ఎంత బలమైనదో 3 (ఎక్కువ), 2, 1 (తక్కువ) అంకెలతో చూపే పట్టికలు, ఫలితాలను చూసి నాణ్యతను తూచే ఈ విధానంతోనే మన స్టాఫ్ రూముల్లోకి వచ్చాయి.

నేను పనిచేసిన ఒక కళాశాలలో, తనిఖీ బృందం రావడానికి ముందు వారం రాత్రుళ్లు కూర్చుని ఆ గడులు నింపాం. ఫలానా గడిలో 3 ఎందుకు వేశామని ఎవరూ ఎవరినీ అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పరీక్షలో ‘కఠినత్వాన్ని నిర్వచించండి’ అని అడిగాం. పిల్లలు బట్టీపట్టి రాశారు. ఆ మార్కులు చూపి, నిర్ణయం చెప్పగలిగే ఫలితాన్ని సాధించామని లెక్క తేల్చాం.

అనుబంధ కళాశాలలకు సిలబస్, చివరి పరీక్ష ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయం నుంచే వస్తాయి. నిజమే. కానీ ఇంటర్నల్ పరీక్ష మన చేతిలోనే ఉంది. ఈసారి నేను ఇచ్చే ప్రశ్న ఇది.

[తెరపై అక్షరాలు ఒక్కొక్కటిగా: ‘50 మి.లీ. బావి నీటికి 0.01 మోలార్ ఈడీటీఏ 32 మి.లీ. పట్టింది. ఆ బావి నీళ్లు తాగుతున్న కుటుంబానికి మీరు ఏమి చెబుతారు? ఇంకా ఏ పరీక్షలు చేయిస్తారు?’]